కాలెత్తితే ఆగే బండి

"ఒకటిలో పెట్టమని చెప్పానా లేదా? మళ్ళీ మూడులోనే ఉంది చూడు," అన్నాడు చైతన్య, డ్రైవరు తలుపు తెరిచి లోపలికి తొంగిచూస్తూ.

"మూడులో ఉంటే చార్జింగు మిగులుద్దని షోరూము కుర్రాడే చెప్పాడు కదండీ," అన్నాను.

"మిగిలింది చాల్లే భాయ్. మొన్న మైలవరం దాటకముందే అమ్మ రెండు కవర్లు నింపింది. ఆవిడ కడుపులో ఏదీ మిగలట్లేదు."

తల ఊపాను. ఊపడానికేముంది, ఆయన తండ్రి ఉన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో ఊపుతున్న తలే. ఆయన ఎరువుల షాపుకు వెళ్ళిపోగానే స్టీరింగు వెనకున్న ఎడమ చెవిని రెండుసార్లు లాగి మళ్ళీ మూడులో పెట్టాను.

కరెంటు కారు తోలనివాళ్ళకు ఇది కాస్త చెప్పాలి. దీనికి గేర్లు లేవు, క్లచ్చు లేదు. స్టీరింగు వెనకాల కుడికొకటి, ఎడమకొకటి చెవుల్లాంటి చిన్న మీటలుంటాయి. వాటితో సున్నా నుంచి మూడు దాకా మార్చుకోవచ్చు. సున్నాలో పెడితే యాక్సిలేటరు మీద నుంచి కాలు తీసినా బండి దొర్లుకుంటూ పోతూనే ఉంటుంది, పలుపు తెంచుకున్న దూడలాగా. మూడులో పెడితే కాలు తీయడమే ఆలస్యం, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని గుంజినట్టు నెమ్మదిస్తుంది. అలా నెమ్మదించేటప్పుడు చక్రాల ఊపుతోనే మోటారు కరెంటు పుట్టించి బ్యాటరీలో పోసుకుంటుందట. షోరూములో దాన్ని రీజెన్ అన్నారు. నేను పట్టు అంటాను. మూడో పట్టులో బండి దానంతటదే నడక వేగానికి వచ్చేస్తుంది. పూర్తిగా నిలబెట్టడానికి మాత్రం ఆఖర్న బ్రేకు తొక్కాలి. అప్పటికి తొందరేమీ ఉండదు. కిందికి చూసి, కాలు ఎక్కడుందో చూసుకుని, తీరిగ్గా తొక్కొచ్చు.

కాలు ఎక్కడుందో చూసుకోవడమేంటని అడుగుతారు. అక్కడికే వస్తున్నాను.

నాకు షుగరుంది. తిరువూరులో షుగరు లేని ఇల్లు చూపించండి. మొదట్లో అరికాళ్ళు మండేవి, తడిగుడ్డ చుట్టుకుని పడుకునేవాణ్ణి. తర్వాత చీమలు పాకుతున్నట్టుండేది. కొన్నాళ్ళకు ఆ చీమలు కూడా పోయాయి. హమ్మయ్య, తగ్గిందనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చున్నాను. మా ఆవిడ పీర్‌బీ గిన్నె పట్టుకుని గడప దగ్గరే ఆగిపోయి నేల వంక చూస్తోంది.

"కోడినేమన్నా కోశావా?"

"కోడేంటి?"

గడప నుంచి మంచం దాకా ఎర్రటి అడుగులు. ఒక్క కాలివే. కుడి అరికాల్లో సీసా పెంకు సగం దాకా దిగి ఉంది. పీర్‌బీ దాన్ని లాగుతుంటే, పక్కింటివాడి కాలు చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాను.

"నొప్పెయ్యట్లేదా?"

"లేదే."

నొప్పి ఉందంటే తిట్టేది. లేదన్నానని ఏడ్చింది.

అప్పటికింకా చైతన్య వాళ్ళది డీజిలు బండే. ఆ వారంలోనే బస్టాండు సెంటర్లో బ్రేకు తొక్కాననుకున్నాను. తొక్కలేదు. కాలు బ్రేకు పక్కన నేలను తొక్కుతోంది. అరటిపళ్ళ బండికి జానెడు దూరంలో హ్యాండుబ్రేకు లాగి ఆపాను. పళ్ళ బండివాడు తిట్టాడు, నేనూ తిట్టాను, ఎవరి దారిన వాళ్ళం పోయాం. కానీ ఆ రోజు నుంచి స్టీరింగు పట్టుకుంటే చేతులకు చెమటే. కాలు బ్రేకు మీద ఉందో, పక్కనుందో, యాక్సిలేటరు మీదే ఉండిపోయిందో తెలియనివాడు డ్రైవరు కాడు, బస్తా. సీటులో కూర్చోబెట్టిన బస్తా. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా ఎవరికీ చెప్పలేదు. ఆరో తరగతిలో బడి మానేసి లారీ క్లీనరుగా ఎక్కినవాణ్ణి. నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఇది పోతే బస్టాండు అరుగు మీద కూర్చుని, వచ్చే బస్సులనూ పోయే బస్సులనూ చూస్తూ, ఎవరు గేరు ఎలా వేస్తున్నారో వంకలు పెట్టుకుంటూ బతకాలి. అలా బతికేవాళ్ళను చూశాను. వాళ్ళకు టీ ఇప్పించేవాడు కూడా ఉండడు.

సరిగ్గా అప్పుడే చైతన్య కరెంటు కారు కొన్నాడు.

షోరూము కుర్రాడు మూడో పట్టు చూపించిన పూట నాకు ఒళ్ళు ఝల్లుమంది. బండి ఆపడానికి కాలు వేయక్కర్లేదు, ఎత్తితే చాలు. ఎత్తడానికి పాదంతో పనిలేదు, మోకాలు ఉంటే చాలు. నా మోకాలు ఇంకా ఇనుపముక్కే. కారు చైతన్యకు అమ్మాననుకున్నాడు ఆ కుర్రాడు. నాకు కాలు అమ్మాడు.

అయితే ఆ పట్టుతో ఒక చిక్కుంది. కాలు ఒక్కసారిగా ఎత్తితే బండి గుంజుతుంది. నిద్రపోయే పిల్లాడి మీద నుంచి దుప్పటి తీసినట్టు మెల్లమెల్లగా ఎత్తాలి. అలా ఎత్తడానికి అరికాలికి తెలివుండాలి. నా అరికాలికి అదెక్కడిది? అందుకని స్టీరింగు ముందున్న మీటరు అద్దం మీద వెలిగే గీతను చూస్తూ తోలడం నేర్చుకున్నాను. కరెంటు ఖర్చవుతుంటే గీత ఒకవైపు సాగుతుంది. వెనక్కి వస్తుంటే పచ్చగా రెండోవైపు సాగుతుంది. మోటారు సన్నగా కూస్తుంది, ఆ కూత కూడా వింటూ ఉండేవాణ్ణి. ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను గీత మీద, చెవి కూత మీద. బెజవాడ వెళ్ళొచ్చేసరికి పొలం దున్నొచ్చినట్టుండేది.

ట్యాక్సీ స్టాండులో నా ఈడువాడు బాలశౌరి ఉన్నాడు, వాడిది సొంత ట్యాక్సీ. నన్ను చూస్తే వాడి నోరు ఊరుకోదు.

"ఏరా కమాలూ, గేరు లేదు, క్లచ్చు లేదు, చప్పుడు లేదు. ఇంక నువ్వెందుకురా ఆ బండిలో? దిష్టిబొమ్మకా?"

"నీ బండికి మూడూ ఉన్నాయి కదరా, మరి ఎక్కేవాళ్ళేరీ?"

"నాకు ఎక్కేవాళ్ళు లేకపోయినా కక్కేవాళ్ళు లేర్లే. పిచ్చమ్మగారు నీ బండి దిగి మొన్న ఆస్పత్రి మెట్ల మీదే కూలబడిందంట!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం వాడి మొహం పగలగొట్టాలనిపించింది. ఎందుకంటే వాడన్నది నిజం.

పిచ్చమ్మగారు చైతన్య తల్లి. ఆవిడకూ షుగరే. మాది ఒకటే జబ్బు, ఆవిడకు కళ్ళకొచ్చింది, నాకు కాళ్ళకొచ్చింది. ఆవిడది ఊరందరికీ తెలుసు. నెలకోసారి బెజవాడ తీసుకెళ్ళి కంట్లో ఇంజెక్షను వేయించాలి. వేయించకపోతే ఉన్న కాస్త చూపూ పోతుందన్నారు. వెనక సీటులో తిప్పుతుందని ముందు సీటులో నా పక్కనే కూర్చుంటుంది, ఒళ్ళో కవర్లు పెట్టుకుని. నేను కాలెత్తినప్పుడల్లా ముందుకు ఊగి, వేసినప్పుడల్లా వెనక్కి ఊగి, "ఒరే, నేనేమన్నా ఉయ్యాలెక్కానంట్రా?" అనేది. ఆ తర్వాత ఆ మాట అనడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

ఏప్రిల్ ఇంజెక్షనుకు ముందు రోజు చైతన్య గట్టిగానే చెప్పాడు. "ఈసారి అమ్మ వాంతి చేసుకుంటే ఇక బండి నేనే తోలుకుంటాను భాయ్. నువ్వు షాపులో కూర్చుందువుగాని. బస్తాలు చూసుకోవడానికి మనిషి కావాలి ఎటూ."

బస్తాలు! సరిగ్గా ఆ మాటే అనాలా?

ఆ పూటంతా కాలు ఒకచోట నిలవలేదు. ఇంట్లో కూర్చుంటే లేస్తాను, లేస్తే వాకిట్లోకి పోతాను, వాకిట్లోంచి మళ్ళీ లోపలికి.

"చెప్పేసెయ్యరాదూ," అంది పీర్‌బీ. "కాలు చచ్చిందని చెప్పు. వాళ్ళేం రాక్షసులు కాదుగా."

"చెప్పి షాపులో కూర్చోమంటావా?"

"కూర్చుంటే ఏం పోయింది?"

"నేను పోతాను," అన్నాను.

ఇంకో దిగులు కూడా ఉంది. పోయిన నెల బెజవాడలో పిచ్చమ్మగారు చుట్టాలింటికి తిప్పమంది, అటూ ఇటూ తిరిగి వచ్చేటప్పుడు చార్జింగు అడుగంటింది. దారిలో ఉన్న చార్జింగు పాయింటేమో పాడై కూర్చుంది. ఇల్లు చేరేదాకా ఏసీ ఆపి, ప్రాణం బిగబట్టి తోలాను. అది గుర్తొచ్చింది. రోజూ నూటికి ఎనభై కాగానే ప్లగ్గు పీకెయ్యమని చైతన్య ఆర్డరు, బ్యాటరీ ఒంటికి మంచిదట. నేను డీజిలు మనిషిని. దూరం పోయే బండికి ట్యాంకు మెడదాకా కొట్టించాలి, మూత తీస్తే వాసన కాదు చుక్క రావాలి, అనేవాడు నాకు లారీ నేర్పిన గురువు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళం ఎవరమూ సగం ట్యాంకుతో ఊరి పొలిమేర దాటలేదు. అందుకని ఆ రాత్రి పెట్టిన ప్లగ్గు పొద్దున ఎనభైకి తియ్యలేదు. వందయ్యాక, నిండు నూరు చూసుకున్నాక తీశాను. మనసు కాస్త కుదుటపడింది.

పదిన్నరకు బయల్దేరాం. ఎండ అప్పటికే చిటపటలాడుతోంది. వాళ్ళిల్లు బెజవాడ రోడ్డు మొగదలే, గేటు దాటితే హైవే. ఊళ్ళో ట్రాఫిక్కు తగిలే పనిలేదు. మీటరు అద్దం మీద పచ్చటి ఇంగ్లీషు అక్షరాలు ఒక వరసలో వెలిగాయి. ఆ బండికి వాగుడెక్కువ. బెల్టు పెట్టుకో అంటుంది, తలుపు సరిగ్గా పడలేదంటుంది, చాలాసేపు తోలావు, టీ తాగు అన్నట్టు కప్పు బొమ్మ చూపిస్తుంది. వాగనీ అనుకున్నాను.

కొంతదూరం పోయాక, గతుకు కనిపించి కాలెత్తాను. గుంజలేదు. బండి మెత్తగా, పడవలాగా సాగింది. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ మెత్తగానే.

"ఇవాళేంట్రా కమాలూ," అంది పిచ్చమ్మగారు, "పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టు తోల్తున్నావ్?"

"అలవాటైందండి అమ్మగారూ."

"ఇన్నాళ్ళకా? నా పేగులు బయటికొచ్చాకా?"

"ఏదైనా కుదురుకోవాలి కదండీ."

ఆవిడ ఒళ్ళో కవర్లు మడిచి బ్యాగులో పెట్టేసింది. గీత చూడటం మానేశాను. కూత వినడం మానేశాను. కాలికే తెలివొచ్చిందనుకున్నాను. చచ్చిన నరం ఎక్కడో చిగురేస్తోందేమో, ఎవరికి తెలుసు, అని కూడా అనుకున్నాను. మనిషి ఆశకు సిగ్గుండదు.

ఎ.కొండూరు ఇంకా రాలేదు. రోడ్డు కాస్త దిగువకు వాలే చోట, ఎడమపక్క తారు మీద సగం మేర మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. చివర్న ఒకాయన ఎండినవాటిని చెక్కపారతో రాశి పోస్తున్నాడు. ముందు మామిడితోటలకు పోయే ఆడకూలీలతో ఒక షేర్ ఆటో పోతోంది. ఎదురుగా మామిడికాయల లారీ వస్తోంది. ఆటోవాడు చెయ్యి చూపలేదు, లైటు వెయ్యలేదు. రోడ్డు పక్కన ఎవరో ఆడమనిషి చెయ్యెత్తింది, వాడు నడిరోడ్డు మీద ఆపేశాడు.

కాలెత్తాను.

బండి నెమ్మదించలేదు. పల్లంలో ఇంకా జోరుగా పోతోంది. మోకాలు పైకి లేచి ఉంది, నాకు కనిపిస్తూనే ఉంది, అయినా బండి పోతోంది. స్టీరింగు వెనక చెవి లాగాను. మూడులోనే ఉంది. మూడులోనే ఉంది, పట్టు లేదు. ఆటో వెనక కూర్చున్న పిల్ల కాళ్ళకు కట్టుకున్న పట్టీలు కనపడేంత దగ్గరకొచ్చేశాం.

బ్రేకు తొక్కాను. దేన్ని తొక్కానో అల్లాకే ఎరుక. బండి ముందుకు దూకింది.

"ఒరేయ్!" అంది పిచ్చమ్మగారు.

మోకాలిని ఛాతీ దాకా లాగేసుకుని స్టీరింగు ఎడమకు కొట్టాను. జొన్నల చుట్టూ పెట్టిన రాళ్ళు కింద టపటపా తగిలాయి. తర్వాత వానపడ్డట్టు చప్పుడు. రాశి పోసే ఆయన పార వదిలేసి పొలంలోకి దూకాడు. బండి రాశిలోకి దూసుకుపోయి, మునిగి, పక్కకు జారి ఆగింది. బానెట్టు మీద నుంచి జొన్నలు జలజలా రాలుతూనే ఉన్నాయి.

పిచ్చమ్మగారి వంక చూశాను. బెల్టు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. దెబ్బ తగల్లేదు. ఆటోలో ఆడవాళ్ళు కేకలేశారు. ఆటోవాడు తలయినా తిప్పకుండా, చెయ్యెత్తిన మనిషిని ఎక్కించుకుని పోయాడు.

రాశి తాలూకు ఆయన పొలంలోంచి లేచి వచ్చాడు. శాంతయ్య అని తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఆయన నోరొక్కటే.

"కళ్ళు నెత్తికెక్కినయ్యా నీకు? దొంగపిల్లిలాగా చప్పుడు లేకుండా మీదకొస్తావా? హారనుకేం రోగం?"

తలుపు తోసుకుని దిగాను. నా వణుకు దాచుకోవాలంటే అరవడం ఒక్కటే దారి. "రోడ్డు మీ నాయనదంటయ్యా, జొన్నలు పోసుకోటానికి?"

"రోడ్డు నాది కాదు, జొన్నలు నావి!"

"ఇంటో పోసుకో!"

"మా ఇంటో తారేశాడా మీ ఆసామి? ఎక్కడ పోస్తే ఎండుతయ్యో నాకు చెప్పొచ్చావా? ఇయ్యాళ ఎత్తుదామని పొద్దున్నుంచీ..." ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. కిందికి చూస్తున్నాడు. "ఇదుగో. ముందు కాలు తియ్యి."

"తియ్యను. నీ సొమ్మేం తొక్కట్లేదు."

"అది కాదయ్యా బాబూ. చెప్పు లేదు నీకు. తారు మీద నిలబడ్డావ్. నేను చెప్పులేసుకుని నిలబడలేకపోతున్నా. ముందు కాలు తియ్యి, తిట్టుకోటం తర్వాత."

చూసుకున్నాను. ఎడమకాలికి చెప్పుంది. కుడికాలికి లేదు. బండిలోనే ఎక్కడో జారిపోయింది. పాదం కింద తారు మెత్తబడి నల్లగా మెరుస్తోంది. కాలు ఎత్తితే అరికాలికి తారు అంటుకుని వచ్చింది.

పిచ్చమ్మగారు తలుపు పట్టుకుని దిగి, చేత్తో బండిని తడుముకుంటూ నా దగ్గరకు వచ్చింది. ఆవిడకు మధ్యలో మసక, అంచుల్లో చూపు. తల పక్కకు తిప్పి నా కాలి వంక చూసింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఏదండీ?"

"నాకు పోయేవి కళ్ళురా, బుర్ర కాదు. కాలికి తెలీకుండా ఎన్నాళ్ళయింది?"

అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను. శాంతయ్య ఈలోపు బిందెతో నీళ్ళు తెచ్చి నా కాలి మీద పోశాడు. తారు పోలేదు గానీ, దాని పక్కనే బొబ్బ ఉబ్బుతూ పైకి లేవడం ముగ్గురమూ చూశాం. చల్లగా ఉందో వెచ్చగా ఉందో నాకు తెలియలేదు.

"పోయినేడు నుంచండి," అన్నాను.

"అంటే ఈ బండి కొనకముందే." ఆవిడ ఆలోచిస్తోంది. "ఎత్తితే ఆగుద్దని, అందుకేనా మూడు మూడని పట్టుకు ఏలాడేది? నన్ను ఊపి చంపింది అందుకా?"

తల ఊపాను. మసకలో కనపడదేమోనని "అవునండి" అని కూడా అన్నాను.

"నీ నోట్లో దుమ్ము పొయ్య. నాకు చెప్పి చావకూడదంట్రా? ఇంకో కవరు ఎక్కువ తెచ్చుకునేదాన్ని కదా."

ఇంకా గట్టిగా తిట్టుంటే బాగుండేది.

ఆవిడ రాశి పక్కన శాంతయ్య ఎండకు కట్టుకున్న పరదా నీడలో కూర్చుంది. శాంతయ్య ఇచ్చిన నీళ్ళు తాగింది. "టైముకు పోకపోతే మళ్ళీ వారం దాకా తిప్పుతారు. నా కన్ను ఆగదు," అంది. "అబ్బాయికి ఫోను చెయ్యనా, నువ్వు తోల్తావా? నువ్వే చెప్పు. నేను రెంటికీ సిద్ధమే."

"తోల్తాను," అన్నాను. ఆలోచించి కాదు. మా మెకానిక్కు షెడ్డు ముందు గుడ్డి కుక్క ఒకటుండేది, హారను వినపడితే చాలు లేచేది. అలా వచ్చింది ఆ మాట.

ఆవిడ లేచి వెళ్ళి ముందు సీటులో కూర్చుని బెల్టు పెట్టుకుంది. ఆ బెల్టు టక్కుమన్న చప్పుడు నా గుండెల్లో పడింది.

చెప్పు వెతికి తొడుక్కున్నాను. శాంతయ్య జొన్నలు పారతో పక్కకు లాగి చక్రాలకు దారి చేశాడు. "నేను చెప్తా, మెల్లగా వెనక్కి రా," అని వెనక నిలబడ్డాడు. నేను కిందికి వంగి కుడికాలిని చూసి, బ్రేకు మీద పెట్టి, పడిందని చూసుకుని, రివర్సు వేశాను. కాలు బ్రేకు మీద నుంచి యాక్సిలేటరు మీదికి మార్చాలి. మళ్ళీ కిందికి చూశాను. జరిపాను. సరిగ్గా పడిందా? మళ్ళీ చూశాను. బండి కదిలింది.

డబ్‌మని వెనక దెబ్బ. శాంతయ్య డిక్కీ మీద రెండు చేతుల్తో బాదుతున్నాడు. "ఇటు చూడవయ్యా! కిందేం చూస్తావ్? ఇటు మనిషున్నాడు, ఇటు!"

బటను నొక్కి బండిని పార్కింగులో పడేశాను. అద్దంలో శాంతయ్య మొహం కనిపించింది. ఈసారి కోపం లేదు దానిలో. భయం ఉంది. నన్ను చూసి ఒక మనిషి భయపడటం... తాగి తోలిన రోజుల్లో కూడా ఎవరూ నన్ను అలా చూడలేదు.

కాలిని చూస్తే రోడ్డు కనపడదు. రోడ్డు చూస్తే కాలు ఉండదు. రెంటిలో ఒకటే నాది.

"అమ్మగారూ," అన్నాను, "బాబుకు ఫోను చెయ్యండి."

ఆవిడ నా వైపు తిరగలేదు. ఫోను నాకే ఇచ్చి, "నువ్వే నొక్కు, నాకు అంకెలు ఆనవు," అంది.

చైతన్య వచ్చేదాకా కూర్చోలేకపోయాను. పార అందుకుని, చెల్లాచెదురైన జొన్నల్ని రాశిలోకి లాగడం మొదలుపెట్టాను. శాంతయ్య వద్దనలేదు. "రాళ్ళొస్తున్నయ్, మెల్లగా లాగు," అన్నాడు. కాసేపాగి, "మా బావమరిదికీ ఇంతే. బొటనవేలు తీసేశారు," అన్నాడు. ఓదార్పులాగా అన్నాడు. నాకు ఓదార్పులాగా లేదు.

"ఒరే, ఆ కాలితో నిలబడితే నా మీద ఒట్టు!" అని పిచ్చమ్మగారు బండిలోంచి అరిచింది. కూర్చున్నాను. లేచాను. మళ్ళీ అరిచింది.

చైతన్య మోటారుసైకిలు మీద వచ్చాడు. తల్లిని చూశాడు, బండి చుట్టూ తిరిగి చూశాడు. లోపల కూర్చుని మీటరు అద్దం వైపు చూసి, "ఫుల్లు పెట్టావా?" అన్నాడు.

"దూరం కదాని పెట్టానండి."

"నిండిన బిందెలో నీళ్ళు పడతాయా భాయ్? బ్యాటరీ నిండుగా ఉంటే వెనక్కొచ్చే కరెంటు ఎక్కడ పోసుకుంటుంది? అందుకే పట్టుకోవడం మానేస్తుంది. అప్పుడు బ్రేకే వాడుకోవాలి. కొంత ఖర్చయ్యాక మళ్ళీ పట్టుద్ది. ఇదుగో, ఇక్కడ రాసే ఉందిగా! బండి చెప్తానే ఉందిగా!"

"చెప్పిందండి. ఇంగ్లీషులో చెప్పింది."

ఆయన ఒకసారి ఆ అక్షరాల వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "సరే, పట్టుకోలేదు. బ్రేకుంది కదా. బ్రేకెందుకు తొక్కలేదు?"

ఇక్కడ నేను చెప్పాలి. పిచ్చమ్మగారు చెప్పలేదు, నా వైపు చెవి పెట్టి కూర్చుంది. శాంతయ్య కూడా పార ఆపాడు. బ్రేకు జారిందనొచ్చు. చెప్పు అడ్డం పడిందనొచ్చు, చెప్పు నిజంగానే లోపల పడి ఉంది కూడా.

చెప్పు విడిచి కాలు ఎత్తి చూపించాను.

చైతన్య తిట్టాడు. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఇన్నాళ్ళూ ఎలా తిప్పావన్నాడు, ఆటోలో అంతమంది ఉన్నారన్నాడు, మనిషివేనా అన్నాడు. ఏనాడూ నన్ను ఏరా అననివాడు ఆ రోజు అన్నాడు. జవాబు వెతికాను. ఎవరేమన్నా నా దగ్గర ఒక జవాబు ఎప్పుడూ ఉండేది. ఆ తిట్లలో ఒక్కటి కూడా తప్పు దొరకలేదు.

"చాల్లే," అంది పిచ్చమ్మగారు. "టైమవుతోంది. వాణ్ణి కూడా ఎక్కించు. అక్కడ కాళ్ళ డాక్టరు ఉంటాడుగా, చూపిద్దాం."

"నేను బస్సులో ఇంటికి పోతానండి," అన్నాను.

"ఎక్కరా, ఎదవ పౌరుషం."

మోటారుసైకిలు ఆ పక్కనే ఉన్న శాంతయ్య ఇంటి ముందు పెట్టారు. ఆయనే నా కాలికి తడిగుడ్డ చుట్టి కట్టాడు. వెనక సీటులో కూర్చున్నాను. ఆ బండి వెనక సీటు ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఒళ్ళో పెట్టుకున్నాను, సీటు మీద పెట్టాను, కిటికీ అంచు పట్టుకున్నాను. చైతన్య లారీల వెనక మరీ దగ్గరగా పోతాడు. మలుపుల్లో హారను కొట్టడు. చెబుదామని రెండుసార్లు ముందుకు వంగాను. రెండుసార్లూ వెనక్కి ఆనుకున్నాను.

మైలవరం దాటాక ఆయన వెనక్కి చూడకుండానే, "భాయ్, ఇప్పుడు రెండులో పెట్టనా, ఒకటేనా?" అని అడిగాడు. కోపం తగ్గలేదు, గొంతు బిగిసే ఉంది. అయినా అడిగాడు.

మోటారు కూత విన్నాను. పల్లంలోకి దిగేటప్పుడు దాని గొంతు మారుతోంది.

"రెండులో పెట్టండి. పట్టుద్ది ఇప్పుడు."

ముందు ఒక బస్సు ఆగింది. ఆయన కాలెత్తాడు. బండి నెమ్మదిగా గుంజుకుంటూ వచ్చి, ఆఖర్న ఆయన బ్రేకు తొక్కగానే ఆగింది. పిచ్చమ్మగారు ఊగింది. ఆవిడతో పాటు నేనూ ఊగాను, ఎవరో తోల్తున్న బండిలో కూర్చున్నవాళ్ళు ఊగినట్టే.